పోస్టు సారు పెట్టెలో మా పుస్తకాలు

మా పోస్టు సారు పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ పొద్దున నేను మిరపచేనుకు నీళ్లు కడుతున్నాను. మోటారు చప్పుడులో ఫోను వినపడలేదు. మూడోసారికి ఎత్తాను. నా బిడ్డ. "నాయినా, పోస్టు తాత పోయిండు. ఆరు దాటినంక. నేను పక్కనే ఉన్న" అంది. నర్సు ఉద్యోగంలో చేరి రెండు నెలలు నిండలేదు, తన కళ్ల ముందు పోయిన మొదటి మనిషి ఆయన. ఏడుపు నాకు వినపడకుండా మధ్యమధ్య ఫోను దూరం జరుపుతోంది. బిడ్డకు ధైర్యం చెప్పాల్సిన వాణ్ణి నేను. అది మరిచిపోయి "నిన్ననే గదా నాతోని నవ్విండు, నిన్ననే గదా" అని అదే మాట తిప్పి తిప్పి అన్నాను. నీళ్లు గట్టు దాటి పక్కవాళ్ల చేలో పడ్డాయి, వాళ్లు వచ్చి కేకలేసేదాకా నాకు తెలియలేదు.

నేను ఐదో తరగతి దాకా చదివాను. పెద్ద మాటలు రాయడం నాకు రాదు, చిన్న మాటతో ఆగడం అంతకంటే రాదు. మా ఇంటిదాని మాట ప్రకారం నేను పుట్టినప్పుడే ఏడవడానికి బదులు మాట్లాడి ఉంటాను. ఆ నోటితోనే ఒకసారి పోస్టు సారు కొంప ముంచాను, ఇంకోసారి ఆయన్ని అనరాని మాట అన్నాను. తప్పైందని చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం ఎనిమిదేళ్లు ఆ నోటికి రాలేదు. ఆయన బతికుండగా చెప్పలేదు కాబట్టి ఇప్పుడు చదివేవాళ్లందరి ముందూ చెబుతున్నాను.

మా ఊరు ఖమ్మం నుంచి భద్రాచలం పోయే తోవలో తారు రోడ్డు దిగి అడవి వైపు మళ్లితే వస్తుంది. సగం మంది మాలాంటి రైతులం, పత్తీ మిరపా వేసుకునేవాళ్లం. మిగతా సగం వాగు అవతలి గూడేల కోయవాళ్లు. ఎండాకాలం వస్తే అందరం బీడీలకు పోయే తునికాకు కోతకు పోయేవాళ్లమే. సారుది వైరా దగ్గర. మా ఊరి పిల్లను చేసుకుని ఇక్కడికే ఇల్లరికం వచ్చారు. మేం అమ్మగారని పిలిచే ఆయన భార్య పుట్టింటి ముందు గదిలోనే పోస్టాఫీసు. ఒక బల్ల, ఒక కుర్చీ, గోడకు ఎర్ర డబ్బా. గవర్నమెంటు అంటే మాకు అంతే. మండలం ఆఫీసుకు పోతే రేపు రమ్మంటారు, బ్యాంకుకు పోతే ఫారం నింపుకుని రమ్మంటారు. ఈ గదికి పోతే మాత్రం "కూసో తమ్మీ, ముందుగాల మంచినీళ్లు తాగు" అనేవారు.

ముద్ర వేసే ముందు తారీకు సరిగ్గా పడుతుందో లేదో చూసుకోవడానికి సారు తన ఎడమచేతి మీద ఒకసారి కొట్టుకునేవారు. కాగితం వృథా చేయడం ఇష్టం లేదు ఆయనకు. అట్లా రోజూ ఆయన చేతి మీద ఆ రోజు తారీకు ఉండేది. ఊళ్లో ఎవరికైనా తారీకు కావాలంటే సారు ఎదురొచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని తిప్పి చూసేవాళ్లు. ఒక పెళ్లిలో పంతులుగారు కూడా అట్లా చూశారు, నేను సాక్షి.

ఇంకో అలవాటు ఉండేది. పైసలు కట్టినవాళ్లు ఎంత కట్టారో వాళ్ల నోటితోనే చెప్పించేవారు. చదువు రానివాళ్లయితే రెండు మార్లు.

"ఎంత పెట్టినవ్?"

"గిదేంది సారూ, నువ్వే లెక్కపెట్టినవ్, నీకు తెల్వదా?"

"నాకు తెలిస్తే ఏం లాభం? నీకు తెల్వాలె. చెప్పు."

సంత రోజున ఆయన ఆఫీసు మూసి, సంచీ తీసుకుని సంతకే వచ్చేవారు. గాజుల దుకాణం పక్కన ఒక బల్ల వేసుకుని కూర్చునేవారు. చింతపండో, జిగురో, తునికాకు కూలో, ఏదో ఒకటి చేతిలో పడ్డవాళ్లు అటు కల్లు దిక్కు పోకముందే ఇటు ఆయన ముందు నుంచి పోవాలి. ఎవరినీ పిలిచేవారు కాదు. కళ్లద్దాల పైనుంచి ఊరికే చూసేవారు. ఆ చూపుకే యాభయ్యో వందో బల్ల మీద పడేది. గాజులామె గొణిగేది, "నీ మొఖం చూసినంక నా బేరం కాదు సారూ, జర అవతలికి జరుగు" అని. ఆయన జరగలేదు. కొన్నాళ్లకు ఆమే ఖాతా తెరిచింది.

మా పైసలు ఆయన ఇంట్లోనే ఎక్కడో దాచి ఉంటాయని మాకందరికీ నమ్మకం. ఒకనాడు గూడెం అవ్వ ఒకామె అడిగేసింది, "పోస్టయ్యా, నా పైసలు ఒక్కసారి చూపియ్యి, మళ్ల పెట్టేసుకో" అని. అప్పుడు సారు చెప్పిన మాటలు నాకు ఇంకా గుర్తు.

"నీ పైస ఇక్కడ ఉండదవ్వా. గిట్ల దేశమంతట ఉన్న పోస్టాఫీసుల్ల పడ్డదంత ఒక్క పెద్ద ఖాతాల చేరుతది. అందులకెళ్లి గవర్నమెంటు అప్పు తీసుకుంటది. ఢిల్లీ గవర్నమెంటు తీసుకుంటది, మన రాష్ట్రాలు తీసుకుంటయి. రోడ్లకు, బడులకు, దవాఖానాలకు పెడతయి. వడ్డీ కట్టి మళ్ల మనకిస్తయి. అంటే ఏంది? నువ్వు గవర్నమెంటుకు అప్పిచ్చినదానివి."

"నేనా?"

"నువ్వే."

అవ్వ లేచింది. బయటికొచ్చి కొత్తగా వేసిన తారు రోడ్డు మీద నిలబడి వంగి చూసింది. "ఇందుల నాది ఏ రాయి?" అంది. సారు అబద్ధం చెప్పే మనిషి కాదు. "అన్నీ కలిసిపోతయవ్వా, ఇది నీది, అది నాది అని చెప్పరాదు" అన్నారు. అవ్వకు ఆ రెండో సగం ఎక్కలేదు. ఆ వారమే బస్సులో కండక్టరు టికెట్ అడిగితే, "రోడ్డు నాది, నువ్వే నాకియ్యాలె" అని కూర్చుంది. కండక్టరు కూడా మా దిక్కువాడే. "అవ్ అవ్వా, రోడ్డు నీదే, డీజిలు నీది గాదు గదా" అన్నాడు. బస్సు బస్సంతా నవ్వింది. సారుకు ఈ సంగతి తెలిసి నవ్వలేదు. "మీరు నవ్వుతున్నరు గని, నా మాట మీలో సరిగ ఇన్నది ఆమె ఒక్కతే" అన్నారు. అప్పుడు మాకు అది కూడా నవ్వులాటే అనిపించింది.

ఇక పుస్తకాల సంగతి. అసలు కథ అక్కడ మొదలైంది.

ఆ అవ్వ పాసు పుస్తకానికే మొదట చెద పట్టింది. తాటాకు గుడిసె, మట్టి గోడ, అందులో కాగితం ఎన్నాళ్లు ఉంటుంది? కొత్త పుస్తకం కోసం పెద్ద పోస్టాఫీసుకు మూడుసార్లు తిరిగింది. మూడు రోజుల కూలి పోయింది. పుస్తకం వచ్చిన రోజున తిన్నగా సారు బల్ల మీద పెట్టింది.

"ఇది నా ఇంట్ల బతకదు. నీ ఇంటికి పెంకులున్నయి. నీ కాడనే ఉంచు."

"నా కాడ ఉండరాదవ్వా. రూలు ఒప్పుకోదు. ఎవరి పుస్తకం వాళ్ల కాడనే ఉండాలె."

"రూలుకు చెద పట్టదా?"

సారు చెయ్యి చాపారు. ఆ ఒక్క పుస్తకం తీసుకున్నారు. పై వారం ఆరు వచ్చాయి. వానాకాలం మొదలయ్యేసరికి రెండు గూడేల పుస్తకాలూ మా ఊరి పుస్తకాలూ అక్కడే. అమ్మగారు తన పెండ్లి పెట్టెలోంచి చీరలు తీసి తీగ మీద వేసి, ఆ పెట్టె ఇచ్చారు. అడుగున వేపాకు పరిచారు. పేర్లు చదవలేని వాళ్లు కదా, ఎవరి గుర్తు వాళ్లు కట్టుకున్నారు. ఒకరు చీర అంచు పీలిక, ఒకరు వలతాడు ముక్క, ఒకరు నెమలీక. నా పుస్తకాలకు నా బిడ్డ పాత గౌను గుడ్డ కట్టాను. నాకు నలభై ఆరేళ్ల వయసులో పుట్టిన బిడ్డ అది. దాని గుడ్డ కడితే ఖాతాకు కూడా దాని అదృష్టం అంటుకుంటుందని నా పిచ్చి. ఆడపిల్లల ఖాతా అని కొత్తగా వచ్చినప్పుడు సారే ఇంటికి వచ్చి చెప్పి దాని పేరున తెరిపించారు. "పద్దెనిమిది నిండేదాక దీన్ని మరిచిపో తమ్మీ. చదువుకు పోయే రోజున గుర్తుకు తెచ్చుకో" అన్నారు.

అట్లా కొన్నేళ్లు నడిచింది. పైసా అటూ ఇటూ పోలేదు.

ఒక రోజు తనిఖీకి కొత్త ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. నిజం చెప్పాలి, ఆయన చెడ్డ మనిషి కాదు. ఎక్కడెక్కడో పుస్తకాలు తమ దగ్గర పెట్టుకుని జనం సొమ్ము తిన్నవాళ్లు ఉన్నారట. అందుకే ఆ రూలు. కట్టినవాళ్లను నలుగురిని పిలిచి లెక్క సరిచూడాలి, అది ఆయన పని. ఆ రోజు నేను వాకిట్లోనే ఉన్నాను. పిలవకపోయినా ముందుకు పోయాను. మా సారు గురించి పైవాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పే అవకాశం మళ్లీ వస్తుందా అనుకున్నాను.

"మీ పాసు పుస్తకం తెచ్చారా?" అని అడిగారు ఇన్‌స్పెక్టరుగారు.

"మాకు పుస్తకంతోని పనేంది సారూ!" అన్నాను, ఛాతీ విరుచుకుని. "మాయి అన్ని మా పోస్టు సారు పెట్టెలనే ఉంటయి. ఈ ఊరియి, గూడేలయి, అన్ని. మేం అడగం, చూడం. గంత నమ్మకం మాకు!"

మా సారు నా వైపు చూశారు. "తమ్మీ, నీ లెక్క వరకు చెప్పు, సాలు" అన్నారు మెల్లగా.

"ఉండు సారూ, చెప్పనియ్యి. పెద్దసారుకు తెల్వాలె నీ సంగతి. ఇగో, ఆ లోపలి అర్రల ఉన్నది సారూ పెట్టె. రాండ్రి, నేనే చూపిస్త."

నేనే చూపించాను. నా చేతులతో మూత ఎత్తాను. నెమలీకలు, చీర పీలికలు చూసి ఇన్‌స్పెక్టరుగారు కూడా మెచ్చుకుంటారనుకున్నాను. ఆయన పెన్ను మూసి జేబులో పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. కాసేపటికి మళ్లీ తీసి రాయడం మొదలుపెట్టారు. ఆ పూట అన్నం కూడా తినకుండా రాశారు. సాయంత్రానికి పుస్తకాలన్నీ గోనెసంచిలో వేసి జీపు ఎక్కించారు. సారును విచారణ అయ్యేదాకా డ్యూటీలోంచి పక్కన పెట్టారు. సోదాకు బయటికి తెచ్చిన ఖాళీ పెట్టె మూత తెరిచి అట్లాగే ముందు గది నడుమ ఉండిపోయింది. ఉత్తరాలకు వచ్చిన ప్రతివాడూ దాన్ని చూశాడు.

చూసినవాడి నోరు ఊరుకుంటుందా. మొదట "సారును తీసేసిండ్రట" అన్నారు. వారం తిరిగేసరికి "తిన్నడట" అన్నారు. ఎంత తిన్నాడో రోజుకొక లెక్క పెరిగింది. నేను రెండు రోజులు అందరితో కొట్లాడాను. మూడో రోజున నాలో కూడా ఒక పురుగు దొలిచింది. నమ్మిన మనిషిని అనుమానించడానికి నాకు పట్టింది మూడు రోజులు. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఇదే నిజం.

సరిగ్గా అప్పుడే పట్నం నుంచి ఒక కంపెనీ మనిషి మోటారుసైకిల్ మీద తిరగడం మొదలుపెట్టాడు. మూడేళ్లలో రెండింతలు అన్నాడు. నున్నటి కాగితం, దాని మీద బంగారు రంగు ముద్ర. "పోస్టాఫీసుల పెట్టి ఏం బాగుపడ్డరన్నా?" అని అడిగితే మాకూ నిజమే అనిపించింది. ఊళ్లో తెలివైనవాళ్లమంతా వరసగా పోయి పెద్ద పోస్టాఫీసులో మా పుస్తకాలు విడిపించుకుని, పైసలు తీసుకుని అతనికి కట్టాం. నేను పత్తి పైసలూ, నెలనెలా కట్టుకున్న పైసలూ మొత్తం ఇచ్చాను. గూడెం అవ్వ ఒక్కతే తియ్యలేదు. "నా పైస రోడ్డుల ఉన్నది గదా, ఎట్ల తీస్తరు? రోడ్డు తవ్వుతరా?" అంది. ఆమె తెలివికి మేం నవ్వుకున్నాం.

బిడ్డ ఖాతా కూడా తియ్యాలని పోతే కుదరదన్నారు. ఆ కోపంతో సారు ఇంటికి పోయాను. డ్యూటీ లేకపోయినా ఆయన రోజూ ఆ గదిలోనే కూర్చునేవారు. చేతి మీద తారీకు లేదు. అమ్మగారు వాకిట్లో కందులు చెరుగుతున్నారు.

"సారూ, నా బిడ్డ పైసలు నాకిప్పియ్యి" అన్నాను.

"అది తియ్యరాదు తమ్మీ. పిల్లకు పద్దెనిమిది నిండాలె. ఏ పెద్ద రోగమో రొష్టో వస్తే తప్ప అది నీ చేతుల లేదు, నా చేతుల లేదు."

"మూడేండ్లల్ల రెండింతలైతదట."

"అవునా? మరి నీ పైస ఎక్కడ పెడుతున్నడో అడిగినవా? నన్నైతే అవ్వ అడిగింది. నేను చెప్పిన. వాణ్ణి ఒక్కసారి అడుగు, ఏం చెప్తడో ఇను."

జవాబు లేనివాడికి కోపమే కదా జవాబు. "తిన్నది సాలక నా బిడ్డ పైసల మీద గూడ కూసున్నవా, దొంగోడా" అన్నాను.

చెరిగే చప్పుడు ఆగిపోయింది. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్లీ పెట్టుకున్నారు. "తిట్టుకో తమ్మీ. నీ బిడ్డ పైస మాత్రం ఉన్న కాడనే ఉండనీ" అన్నారు. అమ్మగారు చేట పక్కన పెట్టి నా వైపు చూశారు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

మిగతాది ఊహించుకోవడం కష్టం కాదు. రెండేళ్లు కూడా నిండలేదు, కంపెనీ ఆఫీసుకు తాళం పడింది. ఆ మోటారుసైకిలు మళ్లీ మా దిక్కు రాలేదు. ఎడ్లు అమ్ముకున్నవాళ్లు ఉన్నారు. పిల్ల పెళ్లి ఆపుకున్నవాళ్లు ఉన్నారు. నేను రెండు పంటలు కూలికి పోయాను. అంతకు ముందే సారు విచారణ ముగిసింది. పెట్టెలో దొరికిన ప్రతి పుస్తకాన్నీ లెక్కలతో పోల్చి చూశారట. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ తేడా లేదు. పుస్తకాలు దగ్గర పెట్టుకోవడం మాత్రం తప్పేనని కాగితం రాసి, ఏడాది దాటాక మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. "తిన్నడట" అని ఊరంతా చెప్పినవాళ్లలో "తినలేదట" అని ఒక్క ఇంటికైనా పోయి చెప్పినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు. ఇంత నోరున్నవాణ్ణి.

ఆయన తిరిగి కూర్చున్న మొదటి రోజున నేను రెండు వందలు పట్టుకుని పోయాను. అదే నా క్షమాపణ అనుకున్నాను. తలెత్తి చూశారు. "ఎంత?" అన్నారు. "రెండు వందలు సారూ." "మళ్ల చెప్పు." "రెండు వందలు." ముద్ర కొట్టి పుస్తకం నా చేతికే ఇచ్చారు. "ఇంటికి తీస్కపో. ప్లాస్టిక్ కవర్ల పెట్టు" అన్నారు. ఆ తరవాత ఎవరు ఎంత బతిమిలాడినా ఒక్క పుస్తకం తన దగ్గర ఉంచుకోలేదు. అవ్వ వచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నా ఉంచుకోలేదు. ఆమె పుస్తకానికి అమ్మగారి ఇంట్లోని ఒక రేకు డబ్బా ఇచ్చి పంపారు.

నేను రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ వచ్చాను. పత్తి తీశాక చెబుదాం. పండగ పోయాక చెబుదాం. ఈలోగా సారు వయసు నిండి పని దిగిపోయారు. పోస్టాఫీసు వేరే వాళ్ల ఇంటికి మారింది. ఊళ్లల్లో ఇంటి గదిలో పోస్టు నడిపినవాళ్లకు సరైన పింఛను ఉండదు, చివర్లో వచ్చేది ఎంతో పోస్టాఫీసులో పని చేసినవాళ్లను అడగండి, చెబుతారు. ఊరందరి ముసలితనానికీ పొదుపు నేర్పిన మనిషి చివరికి కందిచేలో కాపలాకు పోయారు.

నా బిడ్డకు పద్దెనిమిది నిండింది. ఖాతాలో ఉన్నదాంట్లో సగం చదువుకు తీసుకోవచ్చన్నారు, తీసుకున్నాను. ఖమ్మంలో నర్సు చదువుకు కట్టాను. నా చేతిలో ఉండి ఉంటే ఆ పైస కూడా మోటారుసైకిల్ ఎక్కి పోయి ఉండేది. రెండేళ్లలో నా బిడ్డ చదువు పూర్తయింది, మా మండలం దవాఖానాలోనే నర్సుగా చేరింది. నా సంతోషం ఏమని చెప్పను! తెల్లబట్టల్లో దాన్ని చూసి రోడ్డు మీదే ఏడ్చాను, నవ్వాను, బస్సు దిగినవాళ్లందరికీ చూపించాను. "నా బిడ్డే! నా బిడ్డే!" అరవై ఆరేళ్లొచ్చాయి, ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. మిఠాయి కొన్నాను. మొదటి పొట్లం సారు ఇంటికే అనుకున్నాను. బిడ్డను వెంట తీసుకుపోయి, కాళ్లకు మొక్కించి, ఆ మాట చెప్పేయాలనుకున్నాను. బిడ్డకు సెలవు దొరకాలి కదా, సెలవు రోజున పోదాం అనుకున్నాను.

సెలవు రాకముందే ఆయనే దవాఖానాకు వచ్చారు. ఆయాసం. బిడ్డ ఫోను చేస్తే సోమవారం మధ్యాహ్నం బత్తాయిలు కొనుక్కుని పోయాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్నారు. అమ్మగారు కాళ్ల దగ్గర స్టూలు మీద ఉన్నారు.

నన్ను చూసి, "నీ బిడ్డ సూది నొప్పి లేకుంట ఏసింది తమ్మీ" అన్నారు.

అంతే. ఆ ఒక్క మాటకు నా కట్ట తెగింది. అది చిన్నప్పుడు బొమ్మకు సూదులేసిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. పరీక్షల్లో వచ్చిన మార్కులు చెప్పాను. ఖమ్మం హాస్టల్లో ఏం తిన్నదో చెప్పాను. పక్క మంచం వాళ్లకు చెప్పాను, మందులిచ్చే ఆయనకు చెప్పాను. నా బిడ్డ అటు పోతూ "నాయినా, జర మెల్లగ" అని రెండుసార్లు అంది. పక్క మంచం పెద్దమనిషి, "నువ్వు గిట్ల చాటింపు ఏస్తుంటే మా జరం మేమే మరిచిపోతున్నం పటేలా" అన్నాడు. సారు నవ్వారు. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. గంట గడిచింది. ఒక్కో మాట వెనకాలా ఆ మాట ఉంది. ఇది కాగానే చెబుదాం, ఇది కాగానే చెబుదాం అనుకుంటున్నాను. ఒక మాట కాగానే ఇంకోటి వచ్చింది.

"ఆయనకు ఆయాసమైతుంది. ఇగ సాలియ్యన్నా" అన్నారు అమ్మగారు.

లేచాను. బస్సు వేళ కూడా అయింది. గుమ్మం దాకా పోయాక సారు పిలిచారు.

"తమ్మీ, నువ్వు ఏదో చెప్పాలని వచ్చినట్టున్నది. ఏంది?"

పక్క మంచం వాళ్లు చూస్తున్నారు. మందులిచ్చే ఆయన చూస్తున్నాడు. గంటసేపు వాళ్లందరి ముందు గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, వాళ్ల ముందే తలవంచి ఆ మాట చెప్పడానికి నామోషీ అనిపించింది.

"ఏం లేదు సారూ. రేపొచ్చి చెప్త" అన్నాను.

"మంచిది. రా" అన్నారు.

తెల్లారి వచ్చిన ఫోను సంగతి మొదట్లోనే రాశాను.

సాగనంపడానికి చాలామంది వచ్చారు. కంపెనీలో పైసలు పోగొట్టుకున్నవాళ్లంతా వచ్చారు. పాడె మొయ్యడానికి పోటీలు పడ్డారు. నేనూ భుజం ఇచ్చాను. బతికున్నప్పుడు ఒక మాట ఇవ్వలేనివాళ్లం పోయాక భుజాలివ్వడానికి తోసుకున్నాం.

నిన్న, పదకొండో రోజు, అందరూ భోంచేసి పోయాక నేనూ నా బిడ్డా ఉండిపోయాం. అమ్మగారు ఆ ముందు గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. నేను కూర్చోలేదు, గుమ్మం బయట అరుగు పక్కన నిలబడ్డాను. ఈసారి ముందూ వెనకా ఏమీ కలపలేదు.

"అమ్మా, ఇన్‌స్పెక్టరుకు పెట్టె చూపించింది నేనే. సారును దొంగోడు అన్నది నేనే. తప్పైంది" అన్నాను.

"ఎరుకే గదన్నా" అన్నారు. "నేను ఇక్కడనే ఉన్న గద."

"సారు నా మీద..."

"ఆయన ఆనాడే ఇడిసిపెట్టిండు. వానిది నోరే గని మనసు గాదు అన్నడు." అమ్మగారు చీర కొంగు సర్దుకున్నారు. "నేను ఇడిసిపెట్టలే. ఏడాది పొడుగునా బాయికాడికి పోతే ఆడోళ్లు బిందెలు ఎత్తుకుని పక్కకు జరిగిండ్రు. దొంగోని పెండ్లాన్ని గద. ఆయనకు అది తెల్వది. నేను చెప్పలే."

నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపి, లేచి లోపలికి పోయారు. చాయ తెచ్చి గ్లాసు నా పక్కన అరుగు మీద పెట్టారు. తాగమని అనలేదు. "నువ్వు లోపలికి రా బిడ్డా" అని నా కూతురిని తీసుకుపోయారు.

నా బిడ్డ తన సంచిలోంచి బీపీ చూసే మిషను తీసినట్టుంది. "చెయ్యి ఇటియ్యి అమ్మమ్మా" అనడం వినపడింది. రబ్బరు బుడ్డిని నొక్కుతున్న చప్పుడు, బుస్సు, బుస్సు.

"గోలీలు ఏసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న."

"అబద్ధం. ఇంత ఎట్లుంటది మరి? రేపటి సంది రోజూ పొద్దుగాల నేనే వచ్చి చూస్త."

"రోజూ ఎందుకే?"

"వస్త అమ్మమ్మా."

అమ్మగారు రావద్దని అనలేదు. చాయ మీద మీగడ కట్టింది. నేను గ్లాసు ముట్టుకోకుండా, నోరు తెరవకుండా, అమ్మగారి చేతికి చుట్టిన పట్టీలోంచి గాలి మెల్లగా జారిపోవడం వింటూ అరుగు మీద కూర్చున్నాను.